నురుగు బాటలో మా అమ్మ పోసిన సాక

కొమరగిరి విద్యానాథ్ గారు నాకు చేసిన అన్యాయం గురించి ఎవరు అడిగినా, ముందుగా ఆయన చాలా మంచివారని చెబుతాను. మంచివారు కాకపోతే ఒక మనిషిని అంత మర్యాదగా, కుర్చీ వేసి, చల్లని నీళ్లిచ్చి మరీ ముంచడం కుదరదు. చెడ్డవాళ్లయితే నిలబెట్టి ముంచుతారు. ఆయన మా జిల్లా అనుభవాత్మక పర్యాటక అధికారి. ఆ మాటకు అర్థం నాకు అప్పట్లో తెలియదు. నేను ఏడో తరగతిలో బడి మానేసి తాటిచెట్టెక్కినవాణ్ణి.

నా పేరు బొంగోని సాయిలు గౌడ్. ముచ్చెర్లగూడెం దాటాక పెద్ద రోడ్డు పక్కన మా తాటివనం ఉంటుంది. దాని అంచున పాక వేసుకుని కల్లు అమ్ముతాం. పట్టా మా నాన్న రాజలింగం గౌడ్ పేరు మీద ఉంది. ఆయన పోయి మూడేళ్లయింది. పట్టా నా పేరు మీదికి మార్చమని నాలుగుసార్లు ఆఫీసు చుట్టూ తిరిగాను. ప్రతిసారీ ఒక కాగితం తక్కువైంది. తెచ్చిన కాగితం తక్కువ కాదు గానీ, తేనిది ఎప్పుడూ ఒకటి ఉండేది.

నిరుడు మాఘమాసంలో ప్రభుత్వం 'నురుగు బాట' అనే పథకం పెట్టింది. జనం కుటుంబంతో సహా కారేసుకుని, చిన్న చిన్న పీపాల్లో సొంతంగా బీరు కాచే బార్లన్నీ వరసగా చూసుకుంటూ పోవాలి. తీర్థయాత్ర లాగే. దర్శనానికి టోకెను, ప్రతి బారులో ఒక ముద్ర, ముద్రలన్నీ పూర్తయితే ప్రశంసాపత్రం. రోడ్డు పొడవునా బోర్డులు లేచాయి. ఒక తాత, ఒక నానమ్మ, ఇద్దరు పిల్లలు గ్లాసులు పట్టుకుని నవ్వుతున్న బొమ్మ. కింద, 'కలిసి నురుగు పంచుకునే కుటుంబం కలకాలం నిలుస్తుంది.'

మా అమ్మ కొంరవ్వ ఆ బొమ్మను చాలాసేపు చూసింది. "మనం తరతరాలసంది ఇంటిల్లిపాది గూసోని తాగుతున్నం. మన బొమ్మ ఎన్నడన్న ఏసిండ్రా?" అంది.

వేశారు. నోటీసులో వేశారు. మా వనం సర్వే నంబరుతో సహా.

నోటీసు పట్టుకుని విద్యానాథ్ గారి ఆఫీసుకు వెళ్లాను. కుర్చీ, చల్లని నీళ్లు అప్పుడే.

"చూడండి సాయిలు గారూ, మీ భూమిని తీసుకోవడం మా ఉద్దేశం కాదు. మీ భూమికి ఒక దృక్పథం కల్పించడం మా ఉద్దేశం."

"ఏడ కల్పిస్తరు సార్? ఆడ చెట్లున్నయి గద."

"చెట్ల స్థానంలో," అన్నారు.

తరువాత వివరించారు. రహదారి పక్కన కల్లు పాక ఉండటం ప్రజల ప్రాణాలకు ముప్పు. అందువల్ల దాన్ని తొలగించి, అవతలి పొలంలో బీరు అనుభవ కేంద్రం, మా వనంలో దానికి నలభై కార్ల పార్కింగు నిర్మిస్తారు.

"అంటే తాగి కారు నడిపేటోళ్లకు ముందుగాల ఆపుకునే జాగ కావాలె. గంతే గద సార్?"

"సరిగ్గా గ్రహించారు. చదువుకోకపోయినా మీలో విధాన దృష్టి ఉంది."

నేను నీళ్లు తాగాను. ఇంకేం చేయను.

"అయితే," అంటూ ఆయన ఒక పుస్తకం తెరిచారు. "పదకొండో నిబంధన మీవంటివారి కోసమే. సంప్రదాయ పానీయ వృత్తిలో ఉన్న పట్టాదారు కుటుంబం నురుగు బాటలోని ఐదు కేంద్రాలను సందర్శించి, ఆస్వాదన అధ్యయనం పూర్తి చేస్తే, ఆ కుటుంబాన్ని వారసత్వ పానీయ భాగస్వామిగా గుర్తిస్తాం. అప్పుడు భూమి జోలికి రాము. వనం అలాగే ఉంటుంది. పర్యాటకులు మీ వనాన్ని కారులోంచి చూస్తారు."

"కల్లు గీసేటోని భూమి నిలవాలంటె బీరు తాగాలె."

"అధ్యయనం చేయాలి," అని సరిదిద్దారు. "ఒక్కో కేంద్రంలో ఒక్కొక్కరు వంద మిల్లీలీటర్లు. సొంత వాహనంలో, రేషను కార్డులో ఉన్న సభ్యులందరూ వెళ్లాలి. ఒక్కరు తగ్గినా యాత్ర చెల్లదు."

కార్డు తీసి చూశారు. నేను, నా భార్య భూలక్ష్మి, డిగ్రీ చదివే మా బిడ్డ నవనీత, మా అమ్మ, మా నాన్న.

"మా నాయిన సచ్చిపోయిండు సార్."

"కార్డులో ఉన్నారు."

"కార్డుల ఉన్నడు. ఇంట్ల లేడు."

ఆయన కళ్లద్దాలు తీసి తుడిచారు. "పేరు తొలగింపుకు తొంభై రోజులు పడుతుంది. మీ గడువు ముప్పై రోజులు. అప్పటిదాకా వారు కార్డులో సజీవులే. పట్టాలోనూ సజీవులే. రెండు రికార్డులు ఒక మనిషిని సజీవుడంటే, మూడో మాట అనడానికి నేనెవరిని? వారి గ్లాసు వారికి పెడతారు. మీరు దిగులుపడకండి."

మా నాన్న పోయినప్పుడు కూడా నన్ను ఇంత ఓదార్చినవాళ్లు లేరు.

"ఇంకోటి సార్. బండి నడిపేది నేను. తాగి నడిపితె పోలీసులు పడతరు."

"అందుకే ఎనిమిదో నిబంధన. వాహన చోదకుడు అధ్యయనం అనంతరం ఎనిమిది గంటలు విశ్రమించాలి."

బార్లు మధ్యాహ్నం తెరుస్తారు. ఎనిమిది గంటల విశ్రాంతితో పొద్దుపోతుంది. అంటే రోజుకొక బారు. ఐదు బార్లకు ఐదు రోజులు. తాటిచెట్టు గెలను పొద్దున, సాయంత్రం సన్నగా చెక్కుతుంటేనే కల్లు కారుతుంది. ఐదు రోజులు ముట్టకపోతే గెల మొద్దుబారుతుంది, మళ్లీ తడి పట్టడానికి నెల పడుతుంది. ఆ సంగతి చెప్పాను.

"సహజ వనరుకు కూడా విశ్రాంతి లభిస్తుంది," అని ఆయన సంతోషించారు.

*

మాకు కారు లేదు. కల్లు సీసాలు వేసే ట్రాలీ ఆటో ఉంది. ముందు నా పక్కన అమ్మ, వెనక చాపేసుకుని భూలక్ష్మి, నవనీత. నాన్న ఫోటో భూలక్ష్మి ఒళ్లో. నూరు కిలోమీటర్ల దూరాన పట్నం శివార్లలో ఉన్నాయి ఆ ఐదు బార్లు. మా వెనక స్కూటరు మీద ఆస్వాదన పరిశీలకుడు వీరస్వామి. రిటైరైన ఎక్సైజు కానిస్టేబులు. నౌకరీలో ఉన్నప్పుడు మా పాక మీద రెండుసార్లు దాడి చేసి కల్లు పట్టే లొట్లు పగలగొట్టిన మనిషి. ఇప్పుడు మేము తాగుతామో లేదో చూడటం ఆయన డ్యూటీ. షుగరు ఉండటంతో తాను చుక్క ముట్టడు.

మొదటి బారు అంతా అద్దాలు. కప్పుకు లొట్లు వేలాడదీశారు. అమ్మ తలెత్తి చూసి, "మనయి పలగ్గొట్టి ఈడ కట్టిండ్రా ఏంది వీరసామీ?" అంది.

"నేను పగలగొట్టినయి కట్టేటట్టు ఉండెనా అవ్వా?" అన్నాడాయన. పనితనం గురించి మాట పడనిచ్చే రకం కాదు.

"వెల్కం ఫ్యామిలీ!" అంటూ ఇద్దరు వెయిటర్లు బుడగలు ఊపారు. ఇరవై ఒకటి నిండనందుకు నవనీత మెడలో 'ఆస్వాదన రహిత సభ్యురాలు' అని కార్డు వేసి, నిమ్మరసం మీద నురుగు పోసి ఇచ్చారు. మాకు మూడు గ్లాసులు. నాలుగోది ఖాళీ కుర్చీ ముందు, నాన్న ఫోటో దగ్గర.

"సార్‌కి ఐస్ వేయాలా?" అని వెయిటరు ఫోటోను చూస్తూ అడిగాడు.

"వద్దు బిడ్డా, సలువ చేస్తది ఆయనకు," అంది అమ్మ.

అమ్మ గ్లాసు తీసుకుంది. వేళ్లు ముంచి, కింద నేల మీద నాలుగు చుక్కలు వదిలింది. భూలక్ష్మి వదిలింది. నేనూ వదిలాను. మేము దాన్ని సాక పోయడం అంటాం. గౌడ పుట్టుక పుట్టినవాడు ఏది తాగినా ముందు చుక్క కాటమయ్యకు. అరవై అడుగుల చెట్టు మీద ఒంటికాలితో నిలబడేవాణ్ణి పట్టుకునే చెయ్యి ఆయనది. పోయకుండా తాగడమంటే మాకు మొహం కడగకుండా అన్నం తినడంలాంటిది. పోశామని మాకే తెలియదు.

వీరస్వామికి తెలిసింది. "ఆగుండ్రి!"

సంచీలోంచి బంగారం కొట్లో ఉండే చిన్న తూకం మిషను తీశాడు. మా గ్లాసులు ఒక్కొక్కటే పెట్టి తూచాడు. "కొంరవ్వ తొమ్మిది తక్కువ. భూలక్ష్మి ఏడు. సాయిలు ఎనిమిది. నేలపాలు."

"నేలపాలు గాదు, దేవునిపాలు," అంది అమ్మ.

"నా ఫారంల దేవునికి గడి లేదవ్వా. నోట్లకు పోయింది, నేలకు పోయింది, రెండే."

"మరి ఆ గ్లాసు?" నవనీత ఖాళీ కుర్చీ వైపు చూపించింది.

నాన్న పేరు మీద పెట్టింది మేము తాగం. చనిపోయినవాళ్ల వాటా ముట్టకూడదు. అమ్మ ఆ గ్లాసెత్తి, దణ్ణం పెట్టి, మొత్తం పూలకుండీలో పోసింది. వీరస్వామి నిబంధనల పుస్తకం తిరగేశాడు. హాజరైన సభ్యుల గ్లాసులను కంటితో చూసి తూచాలని ఉంది. గైరుహాజరైన సభ్యుడి గ్లాసు ఆఖరికి ఖాళీగా కనిపిస్తే చాలునని ఉంది. గ్లాసు ఖాళీగానే ఉంది. 'రాజలింగం గౌడ్, వంద, సంపూర్ణం' అని రాసుకున్నాడు.

"ఎట్లుంది అవ్వా బీరు?" అని అడిగాడు. అది కూడా ఫారంలో ఉంది.

"పులిసిన గంజిల సబ్బు నురుగు కల్పినట్టుంది."

'గాఢమైన ధాన్య స్పర్శ' అని నవనీత చేత రాయించాడు.

*

ఆ ఎనిమిది గంటలూ పార్కింగులోనే గడిపాం. మా ట్రాలీని కార్ల మధ్య నిలపనివ్వక చెత్తడబ్బాల పక్కకు పంపారు. భూలక్ష్మి మూడు రాళ్లు పెట్టి అన్నం వండి, పచ్చిపులుసు కలిపింది. బారులోంచి వచ్చిన ఒక జంట మాతో ఫోటో దిగి, ఇది కూడా ప్యాకేజీలో భాగమేనా అని అడిగింది. అవునన్నాను. అబద్ధం కాదు.

రెండో బారు బడిలా కట్టారు. బెంచీలు, నల్లబల్ల, గంట. బీరును సిరాబుడ్ల ఆకారం గ్లాసుల్లో ఇచ్చారు. ఏడో తరగతిలో నేను లేచివచ్చిన బెంచీ ఇన్నాళ్లకు మళ్లీ దొరికింది. ఎవరూ ఫీజు అడగకుండానే కూర్చోబెట్టారు. నాన్నకు హాజరు పిలిచారు. వీరస్వామి 'ప్రెజెంట్' అన్నాడు. సాక మళ్లీ పడింది. అందరివీ కలిపి ఇరవై రెండు తగ్గాయి. నాన్నది సంపూర్ణం.

ఆ రోజు విశ్రాంతిలో వీరస్వామి మా దగ్గరికొచ్చి చాప మీద కూర్చున్నాడు. పచ్చిపులుసు తిన్నాడు. పచ్చిపులుసు తిన్న మనిషి నిజం చెప్పకుండా పోలేడు.

"సాయిలూ, ఒక మాట చెప్త విను. మొత్తం అయిదు వందలల్ల ముప్పై దాంక తగ్గినా ఒప్పుకుంటరు. ఇంట్ల ఒక్కలు గా లెక్కల ఉంటె చాలు, కుటుంబం మొత్తం పాసయినట్టే. అవ్వ ఎట్లయిన ఆగది. అత్త ముంగట భూలక్ష్మి ఆపది. నువ్వన్న చుక్క ఆపు."

మూడో బారులో ఫైబరుతో చేసిన తాటిచెట్టు నిలబెట్టారు. ఎక్కడానికి మెట్లు, పట్టుకోవడానికి రెయిలింగు. దాని కింద 'తాటివన జ్ఞాపకం' అని ఒక బీరు పోస్తారు. తాటిచెట్టు వాసన కోసం అందులో ఏదో ఎసెన్సు కలుపుతారట. నురుగు బాటలో దానికే మొదటి బహుమతి వచ్చింది. పరిశీలనకు విద్యానాథ్ గారు స్వయంగా వచ్చి ఉన్నారు.

"ఎలా ఉంది సాయిలు గారూ? మీ మూలాలు పలకరిస్తున్నాయా?"

"అసలు చెట్లు కొట్టేసి వాసన దీంట్ల పోస్తున్నరా సార్?"

"చెట్టు తాత్కాలికం, జ్ఞాపకం శాశ్వతం," అన్నారు. పక్కనున్న గుమస్తా అది రాసుకున్నాడు. తరువాత బోర్డుల మీద కూడా చూశాను.

అక్కడ నేను రెండే వేళ్లు ముంచాను. ఏడు తగ్గింది. నాలుగో బారులో ఒక్క వేలే ముంచాను. అది అరిటాకుల్లో మిర్చిబజ్జీ పెట్టి 'గ్రామీణ విషాదం' అని పేరు పెట్టుకున్న బారు. వేలు ఒకటే అయినా అలవాటున్న వేలు కదా, ఐదు పట్టుకుపోయింది. మొదటి రెండు చోట్ల నావి ఎనిమిది, ఎనిమిది. మొత్తం ఇరవై ఎనిమిది. ముప్పైకి ఇంకా రెండు మిగిలింది. అమ్మ నా వేలిని చూసి, తన గ్లాసులో నాలుగు వేళ్లూ ముంచి పోసింది. మా ఇంట్లో అది పెద్ద కేక.

*

ఐదో బారు ఆరంతస్తుల మేడ మీద. అంచున అద్దాల గోడ. కిందికి చూస్తే కార్లు చీమల్లా కనిపిస్తున్నాయి. పట్నంవాళ్లు ఆ అంచు దగ్గరికి పోవడానికి భయపడి, గ్లాసులు గట్టిగా పట్టుకుని కూర్చున్నారు. మేము నలుగురం అంచునే కూర్చున్నాం. ఆ ఎత్తు మాకు మామూలు పొద్దు.

గ్లాసులొచ్చాయి. వీరస్వామి తూకం మిషను పెట్టి, నా వైపు వంగి మెల్లగా అన్నాడు. "ఈ ఒక్కటి సక్కగ నోట్లె పోసుకో. భూమి నీది. ఇంటికి పోతవ్."

భూలక్ష్మి నా మోచెయ్యి పట్టుకుంది. "ఎత్తి తాగెయ్యుండ్రి. దేవుడేమనుకోడు. పిల్ల సదువున్నది."

"నాయినా, ప్లీజ్," అంది నవనీత.

అమ్మ తన గ్లాసులోంచి ఎప్పటిలాగే నాలుగు చుక్కలు వదిలింది. కొంగుతో వేళ్లు తుడుచుకుంది. "నీ ఇష్టం కొడుకా," అంది. "నేను ఆపమనను, పొయ్యమనను. పొద్దుగాల మోకు కట్టుకోని ఎక్కేది నువ్వు. మీ అయ్య నలభై ఏండ్లు ఎక్కిండు, ఎక్కినట్టే దిగిండు."

గ్లాసు ఎత్తాను. పెదవి దాకా తెచ్చాను. ఒట్టేసి చెబుతున్నాను, తాగాలనే ఎత్తాను. మెట్లు, రెయిలింగులు ఉన్న చెట్టెక్కేవాడినైతే తాగేసి ఉండేవాణ్ణి. నా చెట్లకు అవి లేవు. పొద్దున పైకెక్కి, నడుం తాడు మీద ఒరిగి, రెండు చేతులూ వదిలి గెల చెక్కాలి. ఆ చేతులు వదిలే ఘడియ గుర్తుకొచ్చింది. గ్లాసు వంగింది. మూడు వేళ్లు తడిశాయి.

వీరస్వామి తూచాడు. రెండోసారి తూచాడు. మిషను కింద కాగితం మడత సర్ది మూడోసారి తూచాడు. "ఏడు," అన్నాడు. "మొత్తం ముప్పై అయిదు." కళ్లద్దాలు పైకి నెట్టుకున్నాడు. "నౌకరీల లొట్లు పలగ్గొట్టినప్పుడు గుడ నాకు గింత కష్టం గాలేదు."

ఆఖరున అమ్మ నాన్న గ్లాసును ఆ మేడ మీది తులసికుండీలో పోసింది. 'సంపూర్ణం' అని రాసి ఆయన ఫారం మూసేశాడు.

*

యాత్ర నుంచి తిరిగొచ్చిన పన్నెండో రోజు ఆఫీసు నుంచి కవరు వచ్చింది. నవనీత చదివింది. చదువుతూ చదువుతూ ఆగి, నవ్వి, మళ్లీ చదివింది.

'బొంగోని వారి కుటుంబంలో పట్టాదారు శ్రీ రాజలింగం గౌడ్ గారు ఐదు కేంద్రాలలోనూ ఐదు వందల మిల్లీలీటర్లను చుక్క మిగల్చకుండా ఆస్వాదించి, జిల్లాలో ప్రథమ స్థానం పొందినారు. వారి క్రమశిక్షణ ఇతర సభ్యులకు ఆదర్శప్రాయము. వారిని వారసత్వ పానీయ భాగస్వామిగా ఎంపిక చేయడమైనది. భూమి వారి అధీనంలోనే కొనసాగును.'

భూలక్ష్మి ఏడ్చేసింది. నేను పాకలోకి పోయి మోకు తడిమి చూసుకున్నాను. అమ్మ ఫోటో ముందు నిలబడి, "సచ్చిపొయ్యి గుడ సంసారం ఈడ్సినవ్ గదయ్యా," అంది.

నవనీత కాగితం తిప్పింది. వెనక ఒక వాక్యం ఉంది. 'పదిహేను రోజులలోగా పట్టాదారు స్వయంగా హాజరై వేలిముద్ర వేయవలెను. వేయనిచో ఎంపిక రద్దగును.'

మర్నాడే అందరం వెళ్లాం. విద్యానాథ్ గారు లేచి నిలబడి నాన్న కోసం గుమ్మం వైపు చూశారు. పూలదండ కూడా తెప్పించి ఉంచారు.

"సార్, నేను ముందే చెప్పిన గద. ఆయన లేడు."

"లేని మనిషి ఐదు గ్లాసులు ఎలా తాగారు సాయిలు గారూ?" అని ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. "ఒకవేళ లేరంటే అధ్యయనం మోసం. ఉన్నారంటే వేలిముద్ర కావాలి. మీరే నిర్ణయించుకోండి. నేను రెండింటికీ సహకరిస్తాను."

"నా ఏలు పెట్టుకో సారూ," అంది అమ్మ, చెయ్యి చాచి. "ఆయన పెండ్లాన్ని."

"యంత్రం ఒప్పుకోదమ్మా. వారినే ఒక్కసారి రమ్మనండి."

అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. "వచ్చేటోడైతే మీ బీరుకు ఎందుకొస్తడు సారూ? పొద్దుగాల నా పాకకే వస్తుండె."

ఆ పూలదండను మా చేతికే ఇచ్చి పంపారు. ఫోటోకు వేసుకోమన్నారు. మంచివారని ముందే చెప్పాను.

కవరు అందిన పదహారో రోజు పొద్దున మిషన్లు వచ్చాయి. ఐదు రోజులు గీయక మొద్దుబారిన గెలలు అప్పుడప్పుడే మళ్లీ తడి పట్టాయి. మధ్యాహ్నానికి అన్నీ నేల మీద ఉన్నాయి. ఒక్కో చెట్టు పడినప్పుడు తెగిన గెల నుంచి కల్లు మట్టిలోకి కారింది. దాన్ని ఎవరూ తూచలేదు. పరిహారం చెక్కు కూడా సిద్ధంగా ఉందట, నాన్న పేరు మీద. ఆయన వచ్చి తీసుకోవాలి.

పోయింది సర్వే నంబరు రెండు వందల పద్నాలుగులో పద్నాలుగు గుంటలు. తాటిచెట్లు ముప్పై రెండు, వాటిలో కల్లు పారేవి పంతొమ్మిది.